వంతెన తాత గండం

ఆ శుక్రవారం పొద్దున పెద్దకోడలు చేయాలనుకున్న పనులు నాలుగు. కుక్కర్ దించడం, కూతురికి జడలు వేసి బడికి పంపడం, తొమ్మిదింటికల్లా కట్టుడు పళ్ళ ల్యాబుకు చేరడం, ఈ మూడింటి మధ్యలో ఎక్కడో ఒకచోట రెండు నిమిషాలు చూసుకుని మేడమీదికెళ్ళి తోడికోడలి తలుపు కింద ఒక కాగితం తోసి రావడం. మొదటి మూడూ రోజూ చేసేవే కాబట్టి వాటి గురించి ఆమె ఆలోచించలేదు. నాలుగోదాని గురించి మాత్రం మూడు రోజులుగా ఆలోచిస్తోంది.

ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్ళు. కింది వాటాలో అత్తమామలతో పెద్దకోడలు, మేడమీద చిన్నకోడలు. చిన్నకోడలిని ఇంటిల్లిపాదీ ముద్దుగా చిట్టి అంటారు. పెద్దకోడలిని పెద్దకోడలనే అంటారు. అసలు తేడా అంతా అక్కడే మొదలైందని పెద్దకోడలి అభిప్రాయం.

తొమ్మిదేళ్ళ కిందట ఆమె ఒక నవల చదివింది. అయిదు భాగాలు, ఒక్కొక్కటి ఇటుకంత. పేరు ‘తొమ్మిది వంతెనల రాజ్యం’. అందులో మాట్లాడే గుర్రాలున్నాయి, నీడలు అమ్ముకునే రాజులున్నారు, నదితో పోట్లాడి నీళ్ళు వెనక్కి పంపే ఒక ముసలి కాపలాదారు ఉన్నాడు. ఆమె దాన్ని నాలుగుసార్లు చదివింది. ఏ రాణి ఏ పేజీలో అబద్ధం చెబుతుందో, ఏ గుర్రం ఏ యుద్ధంలో కుంటుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. బాధేమిటంటే ఎవరూ అడగలేదు. అన్నం దగ్గర తనే చెప్పబోతే, “గుర్రాలు మాట్లాడతాయా? సరేలే, కూరలో ఉప్పు తగ్గింది చూడు” అన్నాడు భర్త. చిట్టికి మొదటి భాగం చేతిలో పెడితే, “ఇంత లావు పుస్తకమా అక్కా? తలకింద పెట్టుకుంటే మెడ పట్టేస్తుంది” అని తిరిగి ఇచ్చేసింది.

ఆ నవలే ఇప్పుడు టీవీలో సీరియల్‌గా వస్తోంది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఒక ఎపిసోడ్. మొదటివారం చిట్టి సరదాకి ఫోన్ ఎదురుగా పెట్టుకుని, తను సీరియల్ చూస్తున్న వీడియో తీసుకుంది. నీలం గుర్రం నదిలో కొట్టుకుపోయేచోట ఏడ్చింది. ఆ ఏడుపును ఫోన్‌లో ఊరందరికీ పెట్టింది. నాలుగు లక్షలమంది చూశారు.

నిజం చెప్పాలంటే చిట్టి ఏడుపు చూడదగ్గదే. ముక్కు ఎర్రబడదు. కాటుక చెరగదు. ఎడమ కంట్లోంచి ఒకే ఒక్క చుక్క బయలుదేరి, బుగ్గ సగందాకా వచ్చి, సరిగ్గా వెలుతురు పడేచోట ఆగుతుంది. అప్పటినుంచి వారం వారం ఏడుస్తోంది, వారం వారం జనం పెరుగుతున్నారు. మొన్న కూరగాయల కొట్లో ఒకావిడ పెద్దకోడలిని ఎగాదిగా చూసి, “మీరు ఆ ఏడ్చే అమ్మాయి తోడికోడలే కదూ? ఆమెకు ఆ కథ గురించి ఎంత తెలుసో అండీ” అంది. పెద్దకోడలు తూకం వేయించిన వంకాయలు కొట్లోనే మరిచిపోయి ఇంటికొచ్చింది.

ఇక ఈ వారం ఎనిమిదో ఎపిసోడ్. చూసేవాళ్ళందరూ ఊపిరి బిగబట్టుకున్న ఎపిసోడ్. చివరి వంతెన కాసే ఆ ముసలాయన్ను అందరూ వంతెన తాత అంటారు, ఆయనంటే పడిచస్తారు. నాలుగో భాగం నాలుగువందల పన్నెండో పేజీలో, ఆయన కొడుకులా పెంచిన శిష్యుడే వెనకనుంచి వచ్చి పొడుస్తాడు. పుస్తకంలో ఆ పేజీ చదివినప్పుడు పెద్దకోడలు వంటింట్లో కూర్చుని రెండు రోజులు ఏడ్చింది. అత్తగారు వచ్చి ఉల్లిపాయలు తరిగావా అని అడిగింది. భర్త కళ్ళలో వేసుకునే చుక్కలమందు తెచ్చాడు. ఇప్పుడదే చావుకు చిట్టి ఒక్క చుక్క రాలుస్తుంది, లక్షలమంది చూసి గుండెలు బాదుకుంటారు. తన తాత, తన ఏడుపు, పేరేమో చిట్టికి.

అందుకే కాగితం. ముందే తెలిసిపోతే చిట్టికి ఉలికిపాటు రాదు. ఉలికిపాటు లేని ఏడుపు దొంగ ఏడుపని జనం ఇట్టే పట్టేస్తారు. గుర్తుపట్టకుండా ఎడమచేత్తో రాసింది:

“ఈ రోజు సాయంత్రం ఆరు దాటాక తాత చచ్చిపోతాడు. వీపులో కత్తి. నమ్మినవాడే పొడుస్తాడు. ఎవరూ ఆపలేరు. కన్నీళ్ళు ఇప్పట్నించే దాచుకో.”

ఎనిమిదీ ఇరవైకి మెట్లెక్కి, కాగితం తలుపు కిందికి తోసి, పిల్లిలా దిగివచ్చింది. దిగుతుంటే సిగ్గేసింది. ఆరు మెట్లు దిగేసరికి తగ్గింది.

ఆమెకు తెలియనిది ఏమిటంటే, ఆ సమయానికి చిట్టి తలస్నానం చేస్తోంది. చిట్టి భర్త డ్యూటీకి వెళ్ళి గంటయింది. మేడమీద హాల్లో ఉన్నది మామగారు. కింద అద్దం దగ్గర మనవరాలి జడలు తెమలడం లేదని, గడ్డం గీసుకునే సరంజామా పట్టుకుని ఆయన పైకి వెళ్ళాడు. ఒక బుగ్గ గీయడం అయింది, రెండో బుగ్గకు నురగ పట్టించాడు. తలుపు కిందనుంచి కాగితం రావడం చూసి వంగి తీసుకున్నాడు. లిఫ్టు మెకానిక్‌గా ముప్పయ్యేళ్ళు చేసి రిటైరైన మనిషి. మనవలు పుట్టాక ఇంట్లోవాళ్ళూ వీధిలోవాళ్ళూ కూడా ఆయన్ను తాత అనే పిలుస్తారు.

పదకొండు గంటలకు పెద్దకోడలు ల్యాబులో పై దవడ మైనం అచ్చులో పళ్ళు అమరుస్తోంది. ఎవరో పెద్దమనిషికి శనివారానికల్లా ఇవ్వాల్సిన కట్టుడు పళ్ళు. మైనం కత్తి దీపం మీద వేడిచేసి, ముందుపళ్ళ చుట్టూ చిగుళ్ళలాగా సాఫు చేస్తూ ఉంది. మనసు చాలా రోజుల తర్వాత తేలిగ్గా ఉంది. ఫోన్ మోగింది. భర్త.

“కూర్చుని ఉన్నావా?”

“కూర్చోకుండా పళ్ళు కడతారా? ఏమైంది?”

“నాన్నని చంపేస్తామని ఎవడో ఉత్తరం రాశాడు. మేడమీద తలుపు కింద తోసి పోయాడట. సాయంత్రం ఆరు దాటాకని టైముతో సహా రాశాడు. వీపులో కత్తంట.”

వేడి కత్తి మైనంలో లోతుగా దిగింది. పెద్దమనిషి ముందుపళ్ళు రెండూ ఒకదానిమీద ఒకటి వాలిపోయాయి.

“ఎంత కసి ఉంటే అలా రాస్తారో చూడు. కన్నీళ్ళు దాచుకోమని కూడా రాశాడు. మనిషి కాదు వాడు.”

నిజం చెప్పేద్దామని ఆమె నోరు తెరిచింది. “ఏవండీ, ఆ కాగితం...”

“పాపం చిట్టిని చూస్తే జాలేస్తోంది. నాన్న చెప్పగానే అలాగే కూలబడిపోయింది. ఒకటే ఏడుపు. వీధి వీధంతా దాని చుట్టూనే ఉంది. నాన్నంటే దానికి అంత ప్రేమ ఉందని ఇన్నాళ్ళూ తెలీలేదు సుమా. సరే, కాగితం ఏమంటున్నావు?”

తెరిచిన నోరు మూతపడింది.

“ఏం లేదు. జాగ్రత్తగా దాచమంటున్నా. వస్తున్నా.”

ఇల్లు చేరేసరికి గుమ్మం బయట పాతిక జతల చెప్పులున్నాయి. లోపల సోఫాలో చిట్టి, ఇటు ఇద్దరు అటు ఇద్దరు ఆడవాళ్ళు, ఒకావిడ చేతిలో మంచినీళ్ళ గ్లాసు. ఎడమ బుగ్గ మీద ఒకే ఒక్క చుక్క. ఇంతటి ఆపదలోనూ కాటుక చెరగలేదని పెద్దకోడలు గమనించకుండా ఉండలేకపోయింది. తను చేసిన ఘనకార్యానికి కూడా చిట్టికే ఓదార్పు దక్కుతోంది.

మామగారు హాలు మూలలో గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. ఒక బుగ్గ నున్నగా ఉంది, రెండో బుగ్గ మీద నురగ ఎండి పెచ్చులు కట్టింది. కత్తి కబురు చదివిన చేత్తో మళ్ళీ కత్తి పట్టబుద్ధి కాలేదట. వీపు ఎవరికీ చూపించకూడదని పొద్దుట్నించీ గోడవెంట పీతలా పక్కపక్కకే నడుస్తున్నాడు. అది చాలదన్నట్టు చదరంగం బల్లను చొక్కా లోపల వీపుకి కట్టుకుని, తాడు బొజ్జ మీద ముడి వేసుకున్నాడు.

“నమ్మినవాడే పొడుస్తాడని రాశాడమ్మా,” అన్నాడు పెద్దకోడలితో. “నేను నమ్మినవాళ్ళెవరా అని ఆలోచిస్తే ముగ్గురు తేలారు. మీ అత్తయ్య, మంగలి, పోస్ట్‌మాస్టరు.”

“పొద్దుట్నించీ నన్ను వెనక్కి రానివ్వడం లేదు,” అంది అత్తగారు వంటింటి గుమ్మంలోంచి. “నలభై రెండేళ్ళలో పొడవాలనిపించిన రోజులు ఎన్నో ఉన్నాయి. అప్పుడే పొడవలేదు, ఇవాళ పని మానుకుని పొడుస్తానా?”

పెద్దకోడలు తేలు కుట్టిన దొంగలా నిలబడింది. మామగారిని పక్కకు పిలిచి చెవిలో చెప్పేస్తే పోతుంది. కానీ చెవిలో చెప్పాలంటే ఆయన గోడ వదిలి రావాలి, ఆయన రాడు. గట్టిగా చెబితే పాతికమంది వింటారు. అసూయతో చేశానని చెప్పాలి, అదీ చిట్టి ముందు. ఆమె మంచినీళ్ళు తాగి, కాసేపాగి చెబుదామనుకుంది.

ఆ కాసేపట్లో మామగారికి ఇంకో ఆలోచన వచ్చింది. పోయేలోపు మనసులో బరువు దించేసుకోవాలి. ఫోన్ తీసుకుని ఒక్కొక్కరికే తన తప్పులు ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. మంగలికి ఫోన్ చేసి, నువ్వు ఊరెళ్ళినప్పుడల్లా స్టేషన్ రోడ్డు షాపులో మీసం కత్తిరించుకునేవాణ్ణి, క్షమించమన్నాడు. మంగలి ఫోన్ పెట్టేశాడు. అత్తగారిని పిలిచి, మీ తమ్ముడి పెళ్ళి ఫొటో పోలేదు, నేనే చింపేశానన్నాడు. అత్తగారు వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా సర్దడం మొదలుపెట్టింది. తరువాత పోస్ట్‌మాస్టరుకు చేశాడు. ఇద్దరూ పదకొండేళ్ళుగా రోజూ నాలుగింటికి చదరంగం ఆడతారు.

“నువ్వు మంచినీళ్ళకు లేచినప్పుడల్లా నీ ఏనుగును ఒక గడి పక్కకు జరిపేవాణ్ణిరా. రోజూ కాదు. ఓడిపోతున్నప్పుడే.”

అవతల ఫోన్ కట్టయింది.

చివరికి ఆయన పెద్దకోడలి వైపు తిరిగాడు.

“నీ పుస్తకం మూడో భాగం పోయిందని ఎంతో బాధపడ్డావు కదమ్మా. పోలేదు. నా మంచం కోడు పొట్టిదైతే దానికింద పెట్టాను. నాలుగోది కూడా చూశాను, లావెక్కువైంది. మూడోది సరిగ్గా సరిపోయింది.”

పెద్దకోడలు చిట్టి వైపు చూసింది. ఆ మూడో భాగాన్ని చిట్టే పాతపేపర్లవాడికి వేసేసిందని ఆమె రెండేళ్ళుగా నమ్ముతోంది. రోజుకొకసారైనా మనసులో చిట్టిని బోనెక్కించి, సాక్షులు లేకుండానే శిక్ష వేస్తోంది. చిట్టి ఏమీ తెలియక, వాచిన కళ్ళతో ఆమె వైపు చూసి, “అక్కా, నువ్వైనా కాస్త ఏమైనా తిను” అంది.

నాలుగున్నరకు ఇన్‌స్పెక్టర్ వచ్చింది. పొడుగాటి మనిషి, వెంట ఒక కానిస్టేబుల్. వచ్చినప్పట్నించీ ఆమె చేతి గడియారం చూసుకుంటూనే ఉంది. కాగితం పొద్దున మామగారి జేబులో, ఆ తర్వాత పెద్దకొడుకు బీరువాలో ఉంది. ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ చేతిలో ప్లాస్టిక్ కవర్లోకి చేరింది. చిట్టికి విషయం చెప్పారే గానీ అక్షరాలు చూపించలేదు, చూస్తే తట్టుకోలేదని. తను తట్టుకోగలదో లేదో ఎవరూ అడగలేదని పెద్దకోడలు ఆ కంగారులోనూ గుర్తుపెట్టుకుంది.

ఇన్‌స్పెక్టర్ ఇంట్లో అందరిచేతా ‘తాత’, ‘కత్తి’, ‘కన్నీళ్ళు’ అని రాయించింది. పెద్దకోడలు కుడిచేత్తో, శుభలేఖలో అక్షరాల్లా పొందిగ్గా రాసింది.

“ఇవేవీ కలవట్లేదు,” అంది ఇన్‌స్పెక్టర్. “ఇది ఎడమచేత్తో రాసింది. ఈ ఇంట్లో ఎడమచేతివాటం ఎవరికుంది?”

“మా ఇంట్లో ఎవరికీ లేదు,” అంది అత్తగారు. “పోస్ట్‌మాస్టరుగారికి ఉంది. ఆయన ఎత్తులన్నీ ఎడమచేత్తోనే వేస్తారు.”

ఆయన పేరు ఎత్తడమే ఆలస్యమన్నట్టు గుమ్మంలోకి పోస్ట్‌మాస్టరు వచ్చాడు. డెబ్బై ఏళ్ళ బక్కపలచటి మనిషి, ఎండకు వేసుకొచ్చిన గొడుగు ఎడమచేతిలో ఉంది. మొహం కందగడ్డలా ఉంది. హాల్లో ఎవరున్నారో చూసుకోలేదు, నేరుగా మామగారి మీదికి వెళ్ళాడు.

“పదకొండేళ్ళు నిన్ను నమ్మాను. పదకొండేళ్ళూ నా ఏనుగును జరిపావు. నేను చేతకానివాణ్ణనుకుని ఇంటికెళ్ళి భోజనం మానేసిన రోజులున్నాయి తెలుసా? నిన్ను బతకనివ్వకూడదు.”

ఆ మాట పూర్తయ్యేసరికి కానిస్టేబుల్ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. గొడుగు కింద పడింది. మామగారు గోడకు ఇంకా గట్టిగా అతుక్కున్నాడు. చదరంగం బల్ల టకటకా కొట్టుకుంది.

“మీరే రాశారా?” అంది ఇన్‌స్పెక్టర్ కవరు ఎత్తి చూపించి.

“ఏమిటి రాసేది?”

“స్టేషనుకొచ్చి చూద్దురు గాని. త్వరగా పదండి, ఆరులోపు నాకు వేరే పనుంది.”

పోస్ట్‌మాస్టరు చుట్టూ చూశాడు. కోపం దిగిపోయి, మనిషి ఒక్కసారిగా ముసలివాడైపోయాడు. “నేను స్టేషనుకెప్పుడూ వెళ్ళలేదమ్మా. ఉత్తరాలివ్వడానికి తప్ప,” అన్నాడు మెల్లగా. కళ్ళజోడు తీసి పంచెకు తుడుచుకోబోయాడు. అది జారి గొడుగు పక్కన పడింది.

పెద్దకోడలు వంగి కళ్ళజోడు తీసి ఆయన చేతిలో పెట్టింది.

“ఆయన్ని వదిలేయండి. అది నేనే రాశాను.”

గిన్నెల చప్పుడు ఆగింది. భర్త ఆమెను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. మామగారు గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. “నువ్వా అమ్మా? ఆ పుస్తకం మంచం కింద పెట్టినందుకా?”

“మిమ్మల్ని గురించి కాదు మామయ్యగారూ. ఆ తాత మీరు కాదు. వంతెన తాత.”

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది ఇన్‌స్పెక్టర్‌కు. ఆమె కవరులోని కాగితాన్ని ఇంకోసారి చదివింది. చదువుతూ చదువుతూ కుర్చీలో కూర్చుంది.

“అంటే,” అంది, “వంతెన తాత చచ్చిపోతాడా?”

పెద్దకోడలు తలూపింది. కానిస్టేబుల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సోఫా దగ్గర ఆడవాళ్ళలో ఒకావిడ, “ఈ రోజేనా?” అని అడిగింది.

“నమ్మినవాడు పొడుస్తాడని ఉందే. అంటే ఆ శిష్యుడా?” అన్నాడు కానిస్టేబుల్.

“నోర్ముయ్యవయ్యా,” అంది ఇన్‌స్పెక్టర్. “ఎనిమిది వారాలుగా మా ఇంట్లో ఈ పుస్తకం పేరెత్తితే ఊరుకోలేదు నేను. మా ఆయన ఏదో చెప్పబోతే గది మార్చేశాను. ఇప్పుడు డ్యూటీలో ఉండగా తెలిసింది.” తర్వాత పెద్దకోడలి వైపు తిరిగింది. “చంపుతామని బెదిరిస్తే దానికి సెక్షన్ ఉందమ్మా. కథ ముందే చెప్పేసినదానికి లేదు. ఉండాలి.”

చిట్టి సోఫాలోంచి లేచింది. ఈసారి రెండు కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి, కాటుక కూడా కొంచెం కదిలింది.

“నాకా రాశావు అక్కా? ఎందుకు?”

“ఎందుకంటే నువ్వు ఏడిస్తే లక్షలమంది చూస్తారు. అదే తాత కోసం నేను ఏడిస్తే ఉల్లిపాయలు తరిగావా అని అడిగారు.” పెద్దకోడలి గొంతు ఆమెకే వింతగా వినిపించింది. “ఆ కథ నాది చిట్టీ. నాదంటే నేను రాసిందని కాదు. ఈ ఇంట్లో అది నా ఒక్కదానికే ఉండేది. నువ్వు ఒక్క పేజీ చదవకుండా పట్టుకుపోయావు. ఓర్వలేకపోయాను. అంతే.”

అత్తగారు గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఉల్లిపాయల సంగతి గుర్తుచేసుకోవడానికి ప్రయత్నిస్తోంది. మామగారు బొజ్జ మీద ముడి విప్పుకుని, బల్ల బయటికి తీశాడు.

“అయితే నన్ను చంపాలని ఎవరికీ లేదా?” అన్నాడు. ఊరట ఉండాల్సిన చోట ఆయన గొంతులో కాస్త నిరాశ ఉంది. “మరి నేను ఒప్పుకున్నవన్నీ?”

“ఒప్పుకున్నవి ఒప్పుకున్నట్టే,” అన్నాడు పోస్ట్‌మాస్టరు, గొడుగు తీసుకుంటూ.

అప్పటికి అయిదూ యాభై అయింది. ఇన్‌స్పెక్టర్ ఇంటికి వెళ్ళాలంటే నలభై నిమిషాలు పడుతుంది. ఆమె గడియారం చూసుకుని, మొహమాటపడి, “మీ టీవీ ఎంత పెద్దది?” అని అడిగింది. పెద్ద టీవీ చిట్టి వాటాలో ఉంది కాబట్టి అందరూ మేడమీదికి నడిచారు. పోస్ట్‌మాస్టరు కూడా వచ్చాడు, మామగారికి రెండు కుర్చీల దూరంలో కూర్చున్నాడు. చిట్టి అలవాటు కొద్దీ ఫోన్‌ను టీవీ పక్కన నిలబెట్టింది గానీ, చూపు దానిమీద లేదు.

“ఇంకేం ఏడుపొస్తుంది నాకు,” అంది ఎవరితోనో అన్నట్టు.

తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్న పెద్దకోడలికి ఆ మాట వినబడింది. పరువంతా పోయి, మొగుడు మొహం తిప్పుకుని కూర్చున్న ఆ ఘడియలో కూడా ఆమెకు లోపల ఎక్కడో చల్లగా తగిలింది. అలా తగిలినందుకు మళ్ళీ సిగ్గేసింది. ఈసారి దిగడానికి మెట్లు కూడా లేవు.

ఎపిసోడ్ మొదలైంది. పాతికమంది గదిలో ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం లేదు. అందరూ జరగబోయేది తెలిసినవాళ్ళే. నలభయ్యో నిమిషానికి వంతెన మీద మంచు దిగింది. తాత కర్ర పక్కన పెట్టి, నదిని చూస్తూ కూర్చున్నాడు. వెనకనుంచి శిష్యుడు వచ్చాడు. కత్తి తీశాడు. ఇన్‌స్పెక్టర్ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. చిట్టి కళ్ళు మూసుకుంది.

శిష్యుడి చెయ్యి గాల్లో ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత కత్తి నదిలో పడింది. తాత వెనక్కి తిరగకుండానే, “చలిగా ఉంది, ఇలా వచ్చి కూర్చో” అన్నాడు. శిష్యుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ నదిని చూస్తుండగా ఎపిసోడ్ అయిపోయింది.

తాత చావలేదు. సీరియల్ తీసినవాళ్ళు కథ మార్చేశారు.

అప్పుడు తలుపు దగ్గర స్టూలు పడిన చప్పుడైంది.

“ఇలా కాదు,” అంది పెద్దకోడలు. లేచి నిలబడి ఉంది. “ఆయన చచ్చిపోవాలి. నాలుగువందల పన్నెండో పేజీ. వాడు పొడుస్తాడు, ఆయన పడిపోతాడు, నది రెండు రోజులు ఆగిపోతుంది. అలా వదిలేస్తే ఎలా? వాడు పొడవాలి.” టీవీ దగ్గరికి నడిచి, కిందినుంచి పైకి పోతున్న పేర్లకేసి వేలు చూపించింది. “తొమ్మిదేళ్ళు ఏడ్చాను నేను ఆయన కోసం. పొడవకుండా వదిలేయొచ్చని అప్పుడెవరూ చెప్పలేదే. కూర్చోమంటే వాడు కూర్చునేవాడా? ఒక్క మాట అంటే సరిపోయేదా?”

తర్వాత వచ్చింది చూడదగ్గ ఏడుపు కాదు. ముక్కు ఎర్రబడింది, మొహమంతా ముడతలు పడింది, ఎక్కిళ్ళ మధ్య ఆమె నవ్వింది కూడా. “బతికే ఉన్నాడు,” అంది, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. “ముసలాయన బతికే ఉన్నాడు.” భర్త లేచి ఆమె భుజం పట్టుకున్నాడు. చుక్కలమందు తేనా అని అడగలేదు.

టీవీ పక్కన నిలబెట్టిన ఫోన్ ఆగకుండా రికార్డు చేస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున చిట్టి ఆ వీడియో చూసుకుంది. ముందు వరసలో తన మొహం అరిగిపోయిన నాణెంలా ఉంది. వెనక నుంచి నడిచి వస్తున్న అక్క మాత్రం తెర నిండా ఉంది. చిట్టికి కోపం ఇంకా చల్లారలేదు. అక్క ముక్కు చీదుకోవడం జనం చూసి నవ్వితే కొంతైనా లెక్క సరిపోతుందని, తను ఉన్న ముక్క కత్తిరించేసి, అక్క ఏడ్చిన రెండు నిమిషాలే పెట్టింది. కింద ‘మా తోడికోడలు’ అని మాత్రం రాసింది.

సోమవారానికి పద్నాలుగు లక్షలమంది చూశారు. మంగళవారం పళ్ళ ల్యాబు ముందు ముగ్గురు ఆడవాళ్ళు పళ్ళ పనేమీ లేకుండానే నిలబడి, పెద్దకోడలిని చూసి వెళ్ళారు. ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేసి, అయిదో భాగంలో ఏమవుతుందో చెప్పొద్దని మరీ మరీ చెప్పి, అరగంట మాట్లాడింది. ఇంట్లో భోజనాల దగ్గర అత్తగారు మొదటిసారిగా, “ఆ గుర్రం సంగతేమిటే, అసలు ఎందుకు మాట్లాడుతుంది?” అని అడిగింది. పెద్దకోడలు చెప్పడం మొదలుపెట్టింది. కంచాల్లో అన్నం చల్లారినా ఎవరూ లేవలేదు.

చిట్టి మాత్రం తలనొప్పని భోజనానికి రాలేదు. ఆమెకు మంగళవారం నుంచీ తలనొప్పే. కిందినుంచి చూస్తే ఆమె మేడమీద కిటికీ దగ్గర కూర్చుని ఫోన్‌లో ఆ పద్నాలుగు లక్షల అంకెను పైకీ కిందికీ జరుపుతూ కనిపించేది. అక్క పిలిస్తే, “రాను, నువ్వు తిను” అనేది. ఆ గొంతులో ఉన్నదేమిటో పెద్దకోడలు వెంటనే గుర్తుపట్టింది. ఓదార్చాలని పైకి వెళ్ళబోయి, సగం మెట్లెక్కి ఆగి, ఇంకో రెండు రోజులు పోనిమ్మని దిగివచ్చింది.

ఆ వారమంతా ఆమె వీడియో కింద జనం రాసిన మాటలు తీరిక దొరికినప్పుడల్లా ఒక్కొక్కటే చదువుకుంది. మొత్తం మూడువేల పైచిలుకు. అన్నిటికంటే ఎక్కువమంది మెచ్చుకున్నదాన్ని అన్నిటికీ పైన పెట్టారు. అందులో ఇలా ఉంది: “ఏడుపు చాలా సహజంగా ఉంది, కానీ ఈవిడ పుస్తకం చదివినట్టు లేదు.”